ట్రక్కుకు తగిన ట్రైలర్: బరువుల పొంతన చూసుకోవడం ఎలా

అమెరికాలో పికప్ ట్రక్కు ప్రకటన ఏది చూసినా, అది ఎంత బరువు లాగగలదో చెప్పే అంకె ఒకటి పెద్ద అక్షరాలలో కనిపిస్తుంది. 2021 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150 గరిష్ఠంగా 14,000 పౌన్లు లాగగలదని, గరిష్ఠంగా 3,325 పౌన్లు మోయగలదని కంపెనీ ప్రకటించింది. రెండూ నిజమే, కాని రెండూ ఒకే ట్రక్కుకు వర్తించవు. మొదటి అంకె 3.5 లీటర్ల టర్బో ఇంజిన్‌తో పాటు ప్రత్యేకమైన టోయింగ్ ప్యాకేజీ ఉన్న ట్రక్కుది. రెండోది 5 లీటర్ల వి8 ఇంజిన్‌తో, బరువు మోయడానికే అమర్చిన ట్రక్కుది. డీలర్ దగ్గర మీరు చూసి ముచ్చటపడిన ట్రక్కు, అంటే నాలుగు తలుపులు, తోలు సీట్లు, సన్‌రూఫ్, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నది, ఈ రెండింటిలో ఒక్కదానినైనా అందుకోకపోవచ్చు.

డాలస్, హ్యూస్టన్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేసవిలో పిల్లలనూ, ఇండియా నుంచి వచ్చిన పెద్దలనూ వెంటబెట్టుకుని కొలరాడో కొండల దాకా, లోపలే వండుకుని పడుకునే వీలున్న ట్రావెల్ ట్రైలర్‌తో వెళ్లాలనుకున్నప్పుడు మొదట అడిగే ప్రశ్న, "మన ట్రక్కు ఎంత లాగుతుంది?" అన్నది. నేనూ మొదట అదే అడిగాను. ట్రైలర్ అమ్మిన డీలర్, "హాఫ్ టన్ ట్రక్కుతో హాయిగా లాగేయవచ్చు" అన్నాడు. ఎఫ్-150 తరహా పికప్‌లను హాఫ్ టన్ ట్రక్కులంటారు. మొదటి ప్రయాణంలో వంద మైళ్లు పోకముందే ట్రక్కు వెనుక భాగం కుంగి, హెడ్‌లైట్లు ఆకాశంలోకి చూస్తుంటే, నేను అడగవలసింది మరొకటని తెలిసింది. ట్రావెల్ ట్రైలర్ తగిలించిన ట్రక్కులో మోసే శక్తి, లాగే శక్తి కంటే చాలా ముందే అయిపోతుంది. కాబట్టి లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

డ్రైవర్ తలుపు దగ్గరి పసుపు స్టిక్కర్

డ్రైవర్ తలుపు తెరిస్తే, ద్వారబంధం మీద పసుపు, తెలుపు రంగులలో టైర్ల వివరాలతో ఒక స్టిక్కర్ ఉంటుంది. అందులో, మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌన్లకు మించరాదు అని ఒక వాక్యం ఉంటుంది. అదే మీ ట్రక్కు పేలోడ్. ప్రకటనలోని అంకె ఆ మోడల్ మొత్తానికి చెందినదైతే, ఇది మీ చేతిలో ఉన్న ట్రక్కుకు, దానికి ఫ్యాక్టరీలో బిగించిన హంగులతో సహా లెక్కగట్టినది. అందుకే ఒకే మోడల్‌లో సాదా ట్రక్కుకూ, ఖరీదైన ట్రక్కుకూ మధ్య పేలోడ్ వందల పౌన్లు తేడా వస్తుంది. కొనబోయే ముందు ఇంటర్నెట్‌లో వెతకడం మాని, తలుపు తెరిచి ఈ స్టిక్కర్‌ను ఫోటో తీసుకోండి.

ఈ అంకె నుంచి ఏమేమి తీసివేయాలన్నది చాలామంది తడబడే చోటు. నిండు ట్యాంకు ఇంధనం ట్రక్కు సొంత బరువులో ముందే కలిసి ఉంటుంది కనుక దానిని మళ్లీ తీయనక్కరలేదు. డ్రైవర్ బరువును మాత్రం తీయాలి. మీరు తరువాత బిగించిన బెడ్ (వెనుక సామాను తొట్టి) కవర్, పక్క మెట్లు, టూల్ బాక్స్, ట్రైలర్‌ను తగిలించే హిచ్ సామగ్రి, కుక్కపిల్ల, ఐస్ పెట్టె, అన్నీ తీయాలి. చివరికి మిగిలినది ట్రైలర్ ముందు భాగం ట్రక్కు మీద మోపే బరువుకు సరిపోవాలి. ట్రైలర్ ముందుకు పొడుచుకొచ్చిన చట్రపు భాగం టంగ్, అది మోపే ఆ బరువునే టంగ్ వెయిట్ అంటారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కంపెనీ లెక్క ప్రకారం 11,200 పౌన్లు లాగగల హాఫ్ టన్ ట్రక్కు ఉందనుకోండి. స్టిక్కర్ మీద పేలోడ్ 1,560 పౌన్లు, ట్రక్కు నిండు బరువు 7,050 పౌన్లు మించరాదు. అందులో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, నానమ్మ కలిసి 620 పౌన్లు. బెడ్‌లో చిన్న జనరేటర్, సైకిళ్లు, మడత కుర్చీలు, రెండు సోనా మసూరి సంచులు, మనవాళ్లు ఎక్కడికి వెళ్లినా వదలని తడి గ్రైండర్ కలిపి 220 పౌన్లు. హిచ్ 90, బెడ్ కవర్ 50. మొత్తం 980 పౌన్లు పోగా మిగిలినది 580. ట్రైలర్ మొత్తం బరువులో 13 శాతం టంగ్ మీద పడుతుందనుకుంటే, 580ని 0.13తో భాగించగా సుమారు 4,460 పౌన్లు వస్తుంది. 11,200 పౌన్లు లాగగల ట్రక్కు ఈ కుటుంబానికి 4,460 పౌన్ల ట్రైలర్‌తో ఆగిపోయింది. బెడ్‌లోని 220 పౌన్ల సామాను ట్రైలర్‌లోకి మార్చితే మిగిలేది 800, అప్పుడు ట్రైలర్ సుమారు 6,150 పౌన్ల దాకా ఉండవచ్చు. సామాను పెట్టే చోటు మారినందుకే ఇంత తేడా వచ్చిందంటే, ఈ లెక్కను కాగితం మీద ఒకసారి వేసి చూడవలసిన అవసరం అర్థమవుతుంది.

కంపెనీ చెప్పిన 11,200 అబద్ధమని దీని అర్థం కాదు. ఇప్పుడు చాలా కంపెనీలు వాహన ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ రూపొందించిన జె2807 అనే ప్రమాణం ప్రకారమే లాగుడు సామర్థ్యాన్ని తేలుస్తాయి. అందులో భాగంగా ఆరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గర సుమారు 11 మైళ్ల పొడవున్న ఎక్కుడు మీద, మండుటెండలో, ఏసీ పూర్తిగా వేసి ట్రైలర్‌ను లాగించే పరీక్ష ఒకటి ఉంది. అయితే ఆ ప్రమాణం ట్రక్కులో 150 పౌన్ల చొప్పున ఇద్దరే ఉన్నారని, టంగ్ వెయిట్ 10 శాతమేనని అనుకుంటుంది. నానమ్మ, పిల్లలు, గ్రైండర్ ఆ లెక్కలో లేరు.

బ్రోషర్‌లోని బరువును నమ్మవద్దు

ట్రైలర్ వైపు కూడా ఇలాంటి ఉచ్చు ఒకటుంది. బ్రోషర్‌లో డ్రై వెయిట్ అని కనిపించేది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఖాళీ ట్రైలర్ బరువు. దానిలో నీళ్లు ఉండవు, చాలావరకు బ్యాటరీ ఉండదు, మీ సామాను సంగతి చెప్పనే అక్కరలేదు. ఒక గ్యాలన్ నీరు 8.34 పౌన్లు, 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే సుమారు 334 పౌన్లు. 30 పౌన్ల ప్రొపేన్ సిలిండర్ నిండుగా ఉంటే సిలిండర్‌తో కలిపి సుమారు 55 పౌన్లు తూగుతుంది, అవి సాధారణంగా రెండుంటాయి. వీటిమీద బ్యాటరీ, గొట్టాలు, పళ్లేలు, పరుపులు, దుస్తులు, వారానికి సరిపడా వంట సామాను. ఇవన్నీ ఎక్కాక ట్రైలర్ డ్రై వెయిట్ కంటే వెయ్యి పౌన్లకు పైగా బరువెక్కడం మామూలు.

అందువల్ల ట్రక్కుతో పోల్చవలసినది ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్‌ను, అంటే ఆ ట్రైలర్ నిండుగా ఉన్నప్పుడు కూడా దాటకూడని బరువును. ఇది ట్రైలర్ బయట ఎడమవైపు ముందు భాగంలో అతికించిన పత్రంలో ఉంటుంది. పై ఉదాహరణలోని కుటుంబం 6,100 పౌన్ల జీవీడబ్ల్యూఆర్ ఉన్న ట్రైలర్‌ను ఎంచుకుంటే, ఆ బరువు దాకా నింపినా హద్దులోనే ఉంటుంది. డ్రై వెయిట్ 5,900 ఉండి జీవీడబ్ల్యూఆర్ 7,600 ఉన్న ట్రైలర్‌ను, "5,900 కదా, సరిపోతుంది" అని కొంటే, సామాను సర్దడం మొదలుపెట్టిన రోజే హద్దు దాటుతుంది.

బ్రోషర్‌లోని టంగ్ వెయిట్ కూడా ఖాళీ ట్రైలర్‌దే. ప్రొపేన్ సిలిండర్లు, బ్యాటరీ టంగ్ మీదే కూర్చుంటాయి కనుక వాటి బరువులో చాలా భాగం నేరుగా అక్కడే చేరుతుంది. చాలా ట్రైలర్లలో పెద్ద సామాన్ల గది ముందు వైపే ఉండటం దీనికి తోడు. నీళ్ల ట్యాంకు ఇరుసులకు ముందుంటే నింపినప్పుడు టంగ్ వెయిట్ పెరుగుతుంది, వెనుక ఉంటే తగ్గుతుంది. కొనేటప్పుడు ఆ ట్యాంకు ఎక్కడ ఉందో అడగడం చిన్న ప్రశ్నే, కాని అమ్మేవారిలో సమాధానం తెలిసినవారు అరుదు.

నొగ మీద బరువు

ఎద్దుబండి తోలిన ఇంటి పెద్దలకు టంగ్ వెయిట్ గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. బండిలో గడ్డి మోపులు వెనక్కు ఎక్కువగా వేస్తే నొగ పైకి లేచి, కాడి ఎద్దుల మెడను పైకి ఎత్తుతుంది. ముందుకు ఎక్కువగా వేస్తే కాడి మెడల మీద కూర్చుంటుంది. బండి సర్దడంలో నేర్పు అంతా, మెడ మీద తగుమాత్రం బరువు ఉండేలా చూడటంలోనే ఉంది. ట్రావెల్ ట్రైలర్‌కు ఆ తగుమాత్రం, మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం. 10 శాతం కంటే తగ్గితే ట్రైలర్ గాలికో, పక్క నుంచి దూసుకుపోయిన లారీకో పాములా ఊగడం మొదలుపెడుతుంది. ఆ ఊగుడు పెరిగితే ట్రక్కును కూడా తనతో తిప్పేస్తుంది. అందుకే, పేలోడ్ మిగుల్చుకోవడానికి సామాను ట్రైలర్ వెనక్కు తోసేయడం పనికిమాలిన ఉపాయం.

15 శాతం దాటితే మరో ఇబ్బంది. ట్రైలర్‌ను తగిలించే ఉక్కు బంతి, అంటే బాల్, ఉండేది వెనుక ఇరుసుకు బాగా వెనుక కదా, కాబట్టి అక్కడ మోపిన బరువు తులా దండంలా పనిచేస్తుంది. ట్రక్కు ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య 145 అంగుళాలు, వెనుక ఇరుసు నుంచి బాల్ దాకా 58 అంగుళాలు ఉందనుకుంటే, బాల్ మీద 100 పౌన్లు పెట్టగానే వెనుక ఇరుసు మీద 140 పౌన్లు పెరిగి, ముందు ఇరుసు మీద 40 పౌన్లు తగ్గుతుంది. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగ్ పట్టు తగ్గుతుంది, బ్రేకులు పట్టే తీరు మారుతుంది. నా హెడ్‌లైట్లు ఆకాశం చూడటానికి కారణం ఇదే.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అనేది దీనిని సరిచేయడానికి పుట్టింది. దాని రెండు స్ప్రింగ్ కడ్డీలు ట్రైలర్ చట్రాన్ని ఆసరాగా తీసుకుని హిచ్‌ను పైకి మెలితిప్పుతాయి, దాంతో వెనుక ఇరుసు మీద పోగుపడిన బరువులో కొంత ముందు ఇరుసుకూ, మరికొంత ట్రైలర్ ఇరుసులకూ పోతుంది. ఎఫ్-150 వంటి ట్రక్కులలో ఈ హిచ్ లేకుండా 5,000 పౌన్ల ట్రైలర్, 500 పౌన్ల టంగ్ వెయిట్ దాటకూడదని కంపెనీయే చెబుతుంది. మీ రిసీవర్ (ట్రక్కు వెనుక హిచ్‌ను దూర్చే గొట్టం) మీద అతికించిన పత్రంలో ఈ రెండు హద్దులూ, హిచ్‌తో, హిచ్ లేకుండా, వేర్వేరుగా ఉంటాయి. అయితే ఈ హిచ్ పెట్టుకుంటే పేలోడ్ పెరుగుతుందన్న మాట చాలామంది నోట వింటాను. పెరగదు. స్టిక్కర్ మీది అంకె మారదు, పైగా హిచ్ సొంత బరువు అందులోంచే పోతుంది.

మిగిలిన హద్దులను త్వరగా చూసేయవచ్చు. ట్రక్కూ ట్రైలరూ కలిపి దాటకూడని బరువు జీసీడబ్ల్యూఆర్. అది ఇంజిన్‌ను, ఇరుసులోని గేర్ల నిష్పత్తిని బట్టి మాన్యువల్‌లో ఉంటుంది. ఒక్కొక్క ఇరుసు మోయగల బరువు జీఏడబ్ల్యూఆర్. అది పసుపు స్టిక్కర్ పక్కనే ఉన్న మరో స్టిక్కర్ మీద ఉంటుంది. బాల్ సైజు దాని మీద కూర్చునే ట్రైలర్ కప్లర్‌కు సరిగ్గా సరిపోవాలి, 2 అంగుళాల బాల్ మీద 2 5/16 అంగుళాల కప్లర్ కూర్చున్నట్టే కనిపించి గతుకులో ఊడివస్తుంది. రిసీవర్, బాల్, హిచ్, టైర్లు, వీటిలో ఏది బలహీనమైతే మొత్తం బలం అంతే.

కాటా వేసి చూడటం

ఇప్పటిదాకా చెప్పినదంతా అంచనా. నిజం తెలియాలంటే కాటా వేయాలి. అమెరికా రహదారుల వెంట ఉన్న ట్రక్ స్టాపులలో క్యాట్ స్కేల్ అనే కాటాలు ఉంటాయి, కొద్ది డాలర్లతో పని అయిపోతుంది. వాటిలో వేర్వేరు పలకలు ఉంటాయి కనుక ముందు ఇరుసు, వెనుక ఇరుసు, ట్రైలర్ ఇరుసుల బరువులు విడివిడిగా కాగితం మీద వస్తాయి. అదే రోజు మళ్లీ తూచుకుంటే తక్కువ తీసుకుంటారు. లారీలు వరుసలో వేచి ఉంటాయి కనుక ఉదయాన్నే వెళ్లడం మంచిది.

ప్రయాణానికి వెళ్లినట్టే అన్నీ సర్ది, అందరినీ కూర్చోబెట్టుకుని మూడుసార్లు తూచాలి. మన ఉదాహరణ కుటుంబం మొదటిసారి స్ప్రింగ్ కడ్డీలు బిగించి తూచగా ముందు ఇరుసు 3,020, వెనుక ఇరుసు 3,840, ట్రైలర్ ఇరుసులు 5,200, మొత్తం 12,060 పౌన్లు వచ్చాయనుకుందాం. కడ్డీలు విప్పి రెండోసారి తూచితే 2,820, 4,180, 5,060, మొత్తం అదే. ట్రైలర్‌ను పక్కన నిలిపి, హిచ్‌ను రిసీవర్‌లోనే ఉంచి, ట్రక్కును మాత్రమే మూడోసారి తూచితే 3,120, 3,140, కలిపి 6,260.

12,060 లోంచి 6,260 తీస్తే ట్రైలర్ అసలు బరువు 5,800. రెండో తూకంలో ట్రక్కు ఇరుసుల మీద పడినది 7,000. అందులోంచి 6,260 తీస్తే టంగ్ వెయిట్ 740 పౌన్లు, అంటే ట్రైలర్ బరువులో సుమారు 12.8 శాతం. బాగుంది. కడ్డీలు లేకున్నా ట్రక్కు బరువు 7,050 హద్దులో 50 పౌన్లు మిగుల్చుకుంది. ఇక్కడే ఇంకొకటి చూడాలి. ఈ ట్రక్కు వెనుక ఇరుసు హద్దు 4,050 పౌన్లు అనుకుంటే, కడ్డీలు విప్పినప్పుడు 4,180తో అది దాటిపోయింది, బిగించినప్పుడు 3,840తో లోపలికి వచ్చింది. ముందు ఇరుసు కోల్పోయిన 300 పౌన్లలో 200 తిరిగి వచ్చాయి. ఆ హిచ్ సరిగ్గా అమరిందో లేదో కంటితో చూసి చెప్పలేనిది ఈ మూడు కాగితాలు చెప్పాయి.

ట్రైలర్ ఇంకా కొనలేదా? అయినా ట్రక్కును కుటుంబంతో, సామానుతో, నిండు ట్యాంకుతో తూచి, ఆ బరువును ట్రక్కు జీవీడబ్ల్యూఆర్ లోంచి తీయండి. స్టిక్కర్ నుంచి వేసిన లెక్క కంటే ఇది నమ్మదగినది. అందులోంచి ఇంకా బిగించని హిచ్ బరువును తీసివేసి, మిగిలినదానిని 0.13తో భాగించి, వచ్చిన బరువుకు లోపల ఉన్న ట్రైలర్లనే డీలర్ దగ్గర చూడండి. జాతకాలు కలిశాకనే పెళ్లిచూపులకు వెళ్లడం లాంటిదిది, చూసి మనసు పడ్డాక లెక్కలు వేస్తే లెక్కలే వంగుతాయి.

కొండలు, గాలి

డాలస్ సముద్రమట్టానికి నాలుగైదు వందల అడుగుల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి అమరిల్లో మీదుగా ఉత్తరంగా వెళితే, టెక్సస్ ఉత్తరపు కొస అయిన పాన్‌హ్యాండిల్‌లో పక్కగాలి ట్రైలర్ గోడను తెరచాపలా పట్టుకుంటుంది. ట్రావెల్ ట్రైలర్ అదే బరువున్న పడవ ట్రైలర్ కంటే లాగడానికి కష్టం కావడానికి కారణం దాని నిలువెత్తు ముఖమే. తరువాత రాటన్ కనుమ 7,834 అడుగులు, ఐ-70 మీది ఐసెన్‌హోవర్ సొరంగం 11,158 అడుగులు. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది కనుక ఆ సొరంగం దగ్గర దానికి మూడింట రెండు వంతులే మిగులుతుంది. టర్బో ఇంజిన్‌కు ఈ నష్టం చాలా తక్కువ. కొండ ప్రయాణాలే ఉద్దేశమైతే, హద్దులకు 15, 20 శాతం లోపలే ఆగడం నా అలవాటు. అయితే ఎక్కడం కంటే దిగడమే అసలు పరీక్ష. దిగేటప్పుడు ట్రైలర్ లాగడానికని ట్రక్కులో ఉండే టో మోడ్ వేసి, తక్కువ గేరులో, ఇంజిన్‌తోనే వేగాన్ని ఆపుకుంటూ, బ్రేకులను మధ్యమధ్య మాత్రమే వాడాలి.

ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలన్న హద్దు చాలా రాష్ట్రాలలో 3,000 పౌన్లు, టెక్సస్‌లో 4,500, కాలిఫోర్నియాలో 1,500. ఈ వ్యాసంలో చెప్పిన ట్రావెల్ ట్రైలర్లకు దాదాపు అన్నిటికీ, ట్రైలర్ బ్రేకులను ట్రక్కులోంచి వేసే బ్రేక్ కంట్రోలర్ తప్పదు. ట్రైలర్ ఊగడం మొదలైతే ట్రక్కు బ్రేకు తొక్కకుండా, యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ నిలకడగా పట్టుకుని, కంట్రోలర్ మీది మీటతో ట్రైలర్ బ్రేకులను మాత్రమే మెల్లగా వేయాలి. ఈ మీట ఎక్కడుందో చీకటిలో కూడా చేతికి తెలిసేలా ఇంటి దగ్గరే అలవాటు చేసుకోండి. పాత ట్రైలర్ టైర్లు చాలావరకు 65 మైళ్ల వేగానికే తయారైనవి, కాలిఫోర్నియాలో ట్రైలర్‌తో 55 దాటడం చట్టవిరుద్ధం కూడా.

లెక్క కుదరకపోతే

ట్రైలర్ ఇప్పటికే కొనేసి, కాటా హద్దు దాటిందని చెబితే, ముందుగా నీళ్ల ట్యాంకు చూడండి. ఇరుసులకు ముందున్న ట్యాంకును ఖాళీగా తీసుకువెళ్లి క్యాంప్‌గ్రౌండ్‌లో నింపుకుంటే ట్రైలర్ బరువు ఒక్కసారిగా 300 పౌన్లకు పైగా తగ్గుతుంది. వెనుక ఉన్న ట్యాంకును ఖాళీ చేస్తే మాత్రం టంగ్ వెయిట్ పెరుగుతుంది, కాబట్టి మళ్లీ తూచాలి. తరువాత ట్రక్కు బెడ్‌లోని సామానును ట్రైలర్ ఇరుసుల మీదుగా వచ్చే అలమరలలోకి మార్చండి. వెనుక ఇరుసు దగ్గర బిగించే గాలి సంచులు (ఎయిర్ బ్యాగులు), అదనపు స్ప్రింగులు వెనుక భాగాన్ని పైకి లేపుతాయి, చూడటానికి అంతా సరిపోయినట్టు కనిపిస్తుంది, కాని పేలోడ్‌ను ఒక్క పౌను కూడా పెంచవు.

ఇంతా చేసి కుదరకపోతే ఎఫ్-250, రామ్ 2500, సిల్వరాడో 2500 వంటి పెద్ద ట్రక్కు వైపు చూడవలసి వస్తుంది. అక్కడ కూడా డీజిల్ ఇంజిన్ అనగానే మోసే శక్తి ఎక్కువనుకోవద్దు. డీజిల్ ఇంజిన్ పెట్రోలు ఇంజిన్ కంటే వందల పౌన్లు బరువు, ఆ బరువు పేలోడ్ లోంచే పోతుంది. అన్ని హంగులూ ఉన్న డీజిల్ ట్రక్కు తలుపు తెరిచి స్టిక్కర్ చూసి, నా పాత హాఫ్ టన్ ట్రక్కు కంటే నాలుగైదు వందల పౌన్లే ఎక్కువ కనిపించడంతో మారుమాట లేకుండా తలుపు వేసి వచ్చిన రోజు నాకు ఇంకా గుర్తుంది. చివరికి నేను ట్రక్కును ఉంచుకుని, ట్రైలర్‌ను నాలుగు అడుగులు చిన్నదానికి మార్చుకున్నాను.